భీమిలి నుంచి బారువ దాకా, వేసంకాలంలో

జూన్ మొదటి వారంలో సముద్రం ఒడ్డున తిరగడమేంట్రా, నెత్తి మాడిపోద్ది అని అందరూ అన్నారు. మాడింది కూడా. కానీ ఆ టైముకి వెళ్లాను కాబట్టే శ్రీకాకుళం తీరంలో ఊళ్లల్లో మగాళ్లు కనపడ్డారు, మామూలు రోజుల్లో అయితే వాళ్లలో చాలామంది అక్కడ ఉండరంట.

భీమిలి గురించి పెద్దగా చెప్పను. వైజాగ్‌లో 900కె బస్సెక్కితే బీచ్ రోడ్డు మీదుగా తీసుకెళ్లి దింపేస్తుంది, వీకెండ్ అయితే సగం వైజాగ్ అక్కడే ఉంటుంది. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, నడక మాత్రం ఇప్పటికీ నిదానమే. నాకు నచ్చింది డచ్చివాళ్ల సమాధులు. ఎప్పుడో వ్యాపారానికని వచ్చి ఇక్కడే పోయినోళ్లు, రాళ్ల మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. అక్కడ కొచ్చి నుంచి వచ్చిన ఒకమ్మాయి కలిసింది, ఒక్కతే, వీపున బ్యాగు, చేతిలో కెమెరా. వాళ్ల ఊళ్లో కూడా డచ్చి సమాధులున్నాయంట, కానీ ఎప్పుడు వెళ్లినా గేటుకి తాళమే ఉంటుందంట, ఇక్కడ మేకలు కూడా ఫ్రీగా తిరుగుతున్నాయి ఇదే నయం అంది. ఇద్దరం చెరో కొబ్బరిబొండాం తాగి, ఆ పిల్ల కిందకి కాకినాడ వైపు, నేను పైకి శ్రీకాకుళం వైపు.

అసలు కథ పలాస ప్యాసింజర్‌లో మొదలైంది. విజయనగరం దాటాక నా ఎదురు సీట్లో ముగ్గురు కూర్చున్నారు, కాళ్ల కింద, సీట్ల కింద, పైన బెర్తు మీద ఎక్కడ చూసినా వాళ్ల బ్యాగులే, ఒకటైతే ప్లాస్టిక్ తాడుతో కట్టిన దుప్పట్ల మూట. నా బ్యాగు వైపు చూసి అందులో పెద్దాయన అడిగాడు.

"ఏటి బాబూ, ఎక్కడికెల్తన్నావు?"

"కళింగపట్నం, బారువ అండి. ఊరికే, చూద్దామని."

"ఊరికేనా!" ముగ్గురూ ఒకేసారి నవ్వారు. "మేవు పది నెల్లు సముద్రం మీదుండి వస్తన్నాం, నువ్వు సముద్రం సూణ్ణానికి ఎల్తన్నావు."

వాళ్లు గుజరాత్‌లో వేరావల్ నుంచి వస్తున్నారు. ఆగస్టులో అక్కడ బోట్లు ఎక్కితే మళ్లీ మే నెలాఖరుకే ఇంటికి. ఎందుకంటే అటు పశ్చిమ తీరంలో వేట నిషేధం జూన్ 1న మొదలై జులై 31 దాకా ఉంటుంది, మన వైపు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అంటే జూన్ మొదటి రెండు వారాలు రెండు తీరాల్లోనూ మరబోట్లు ఒడ్డునే ఉంటాయి, అందరూ ఇళ్ల దగ్గరే ఉంటారు. ప్లాన్ చేసుకుని వెళ్లింది కాదు, ఆఫీసులో లీవు అప్పుడే దొరికింది అంతే.

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉందని బడిలో చదువుకున్నాం కదా, అంత తీరం పెట్టుకుని వీళ్లు దేశం ఆ చివరికి ఎందుకెళ్లాలి అని అడిగేశాను. పెద్దాయన విసుక్కోకుండా చెప్పాడు, ఇక్కడ బోటు కట్టుకోడానికి సరైన రేవు లేదు, ఫైబర్ పడవని ఇసక మీద నుంచి తోసుకుంటూ కెరటాల్లోకి దింపాలి, చేప పడితే పడింది లేకపోతే ఆయిల్ ఖర్చు నెత్తిన పడినట్టే. అక్కడైతే నెల జీతం. ఆయన తండేలు, అంటే బోటు మీద మిగతావాళ్లందరికీ పెద్ద, జీతం కొంచెం ఎక్కువ. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లకి దొరికిపోయి 2020 జనవరిలో వాఘా దగ్గర బయటికొచ్చిన మనవాళ్ల గురించి కూడా తీశాడు, నీళ్ల మీద గీత కనపడదు కదా బాబూ అన్నాడు, అని వెంటనే శనక్కాయల పొట్లం నా వైపు తోశాడు.

దిగేటప్పుడు మా ఊరు కళింగపట్నం దారిలోనే, రేపు రా అని ఫోన్ నంబరిచ్చాడు. (శ్రీకాకుళం రోడ్ అని బోర్డు చూసి ఊరొచ్చేసిందనుకోకండి, ఆ స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది, అక్కడి నుంచి మళ్లీ బస్సు.)

మర్నాడు పొద్దున శ్రీకూర్మంలో దర్శనం చేసుకుని, గుళ్లో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లని చూసి, ఆయన ఇంటికి వెళ్లేసరికి పెద్దాయన వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. వల అంచుని కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, చిరిగిన చోట నైలాన్ దారం సూదిని ఇటు దూర్చి అటు తీసి ముడి వేస్తున్నాడు, మాట్లాడుతూ నా మొహం వైపే చూస్తున్నాడు, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. రెండో క్లాసు చదివే మనవరాలు మాత్రం తాత దగ్గరికి రావడానికి ఇంకా సిగ్గుపడుతోంది, గుమ్మం వెనకాలే నించుంది. వాళ్లావిడ చోడి అంబలి (చోడంటే రాగులే), ఉల్లిపాయ, ఎండు నెత్తళ్ల (చిన్న చేపలు) వేపుడు పెట్టింది. ఆ ఎండలో నెత్తి మీద మంచుగడ్డ పెట్టినా అంత హాయిగా ఉండదు.

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట, లైట్‌హౌస్ దగ్గర, ఇంకో ప్రయాణీకుడు తగిలాడు, కోల్‌కతా నుంచి కన్యాకుమారికి సైకిల్ మీద వెళ్తున్న బెంగాలీ కుర్రాడు. మంచివాడే గానీ మాట్లాడినంతసేపూ ఇవాళ ఎన్ని కిలోమీటర్లు, నిన్న ఎన్ని కిలోమీటర్లు అదే లెక్క. పక్కనే శాలిహుండం ఉంది, కొండ మీద బౌద్ధ స్తూపాలు, పై నుంచి వంశధార భలే కనపడుద్ది, రా పోదాం అంటే షెడ్యూల్ లేట్ అయిపోద్ది అన్నాడు. నాకు కొంచెం జాలేసింది, నిజం చెప్పాలంటే. నేనొక్కడినే వెళ్లాను. కళింగపట్నంలో నది కలిసే చోట మాత్రం నీళ్లలోకి దిగకండి, పైకి నిదానంగా కనిపిస్తుంది గానీ లోపల లాగేస్తుందని ఊళ్లోవాళ్లే చెప్తారు.

బారువలో టూరిస్టు అన్నవాడు నేనొక్కడినే. మహేంద్రతనయ నది, కొబ్బరితోటలు, 1917లో ఆ దగ్గర్లో మునిగిపోయిన చిల్కా అనే ఓడ గురించి టీకొట్టు దగ్గర ఒక్కొక్కరూ ఒక్కో కథ. రాత్రి ఉండాలంటే సోంపేటలో లాడ్జి చూసుకోవడం మంచిది, ఆఖరి ఆటో ఎన్నింటికో ముందే అడిగి పెట్టుకోండి. నేను సూర్యాస్తమయం అయ్యాక కూడా కబుర్లలో పడి కూర్చుంటే ఆటోలన్నీ వెళ్లిపోయాయి, చివరికి ఒకాయన బైక్ మీద ఎక్కించుకున్నాడు, ఆయనకీ నాకూ మధ్య వల మూట, నా వీపున బ్యాగు, రెండు కాళ్లూ గాల్లోనే, సోంపేట దాకా.