ఆదివారం సాయంత్రాన్ని బట్టి ఊరిని ఎంచుకున్నాను

కిందటి ఏడాది మార్చిలో మా కంపెనీ ఒక వెసులుబాటు ఇచ్చింది. నెలకు రెండు రోజులు హైదరాబాదు ఆఫీసుకు వస్తే చాలు, మిగిలిన రోజులు ఎక్కడ ఉండి పని చేసినా అభ్యంతరం లేదన్నారు. అప్పటికి నాకు 28 ఏళ్ళు, పెళ్ళి కాలేదు. కూకట్‌పల్లిలోని ఒక లేడీస్ హాస్టల్లో, ముగ్గురం సర్దుకునే గదిలో, ఒక ఇనుప మంచమూ సగం బీరువా మాత్రమే నావిగా ఆరేళ్ళు గడిపాను. ఊరు మారవచ్చని తెలియగానే సంతోషం కన్నా ముందు బెంగే కలిగింది. పుట్టింది ఒంగోలులో, చదివింది గుంటూరులో, ఉద్యోగం వచ్చింది హైదరాబాదులో. అంతవరకు నా అంతట నేను ఏ ఊరినీ ఎంచుకున్నది లేదు.

అందరూ చేసేదే నేనూ చేశాను. నోటుపుస్తకంలో గళ్ళు గీసి, బెంగళూరు, చెన్నై, విజయవాడ, విశాఖపట్నం అని నాలుగు పేర్లు రాసి, అద్దె, కరెంటు బిల్లు, ఇంటర్నెట్, ఆసుపత్రులు, అమ్మ దగ్గరికి ప్రయాణం అంటూ ఒక్కొక్కదానికీ మార్కులు వేశాను. నాలుగింటికీ మార్కులు కాస్త అటూ ఇటూగా ఒకేలా వచ్చాయి. రెండు వారాల పాటు ఆ పట్టికను ముందు పెట్టుకుని కూర్చున్న తరవాత, నన్ను నిజంగా బాధపెట్టే విషయం అందులో ఎక్కడా లేదని అర్థమైంది. ఆఫీసు పని ఏ ఊళ్ళోనైనా అదే ల్యాప్‌టాప్ ముందు, అదే తొమ్మిది గంటలూ జరుగుతుంది. నాకు గడవనిది ఆదివారం సాయంత్రం.

సంసారం ఉన్నవాళ్ళకు ఆదివారం దానంతటదే నిండిపోతుంది. పిల్లల తలంట్లు ఉంటాయి, చుట్టాలు వస్తారు, మర్నాటి స్కూలు యూనిఫారాలు ఇస్త్రీ చేయాలి. ఒక్కరే ఉండేవాళ్ళకు హాస్టల్లో మధ్యాహ్నం చికెన్ కూర అయిపోయాక, బట్టలు ఉతికి ఆరవేశాక, నాలుగు గంటల నుంచి పడుకునే దాకా ఉన్న సమయమంతా ఖాళీ. హైదరాబాదులో నాకు స్నేహితులు లేక కాదు. ఒకరు ఎల్బీ నగర్‌లో, ఒకరు కొంపల్లిలో, మరొకరు గచ్చిబౌలిలో ఉండేవారు. వెళ్ళి రావడానికే మూడు గంటలు పడుతుంది, తొమ్మిదిన్నరకు హాస్టల్ గేటు వేసేస్తారు. అందువల్ల ప్రతి ఆదివారమూ మంచం మీద ఫోను చూసుకుంటూనే చీకటి పడేది. ఒంటరిగా ఉండేవారికి ఊరు ఎలాంటిదో చెప్పగలిగేది ఆ ఆదివారం సాయంత్రమేనని అనిపించి, పట్టిక చింపేసి, నాలుగు ఊళ్ళలోనూ ఒక్కొక్క ఆదివారం సాయంత్రం గడిపి రావాలని నిశ్చయించుకున్నాను.

విజయవాడ గురించి ఎక్కువ చెప్పను. అమ్మకు ఇష్టమైన ఊరు అదే. కానీ మేనత్తలూ పిన్నులూ కలిపి నా బంధువులు అక్కడ ఏడు ఇళ్ళలో ఉన్నారు, ఆ ఆదివారం ఏడు ఇళ్ళలోనూ పెళ్ళి మాటే నడిచింది. చెన్నైలో గడిపిన సాయంత్రం చాలా బాగుంది, అద్దెలు అందలేదు. బెంగళూరులో నా కాలేజీ స్నేహితురాళ్ళు ముగ్గురున్నారు కనుక మొదట అక్కడికే మొగ్గాను. తీరా వెళితే ఒకరు వైట్‌ఫీల్డులో, ఒకరు ఎలక్ట్రానిక్ సిటీలో, ఒకరు ఎలహంకలో ఉన్నారు, వాళ్ళు ముగ్గురూ ఒకచోట కలుసుకుని అయిదు నెలలైందట. హైదరాబాదులో నేను పడుతున్న బాధే అక్కడ కన్నడంలో ఉంది. పైగా చూసిన ఒక ఇంటికి ఆరు నెలల అద్దె అడ్వాన్సుగా అడిగారు.

విశాఖకు మే నెలలో వెళ్ళాను. ఈ సలహా మాత్రం గట్టిగా ఇస్తాను: ఉండటానికి ఊరు చూసేవారు డిసెంబరు, జనవరి నెలల్లో విశాఖకు వెళ్ళకూడదు. అప్పుడు అరకు లోయలో మంచు, సముద్రం మీద ఎండ, అన్నీ అందంగానే ఉంటాయి. మే నెలలో ఎండ ఒంగోలు కన్నా తక్కువే కానీ, ఉక్కపోత మనిషిని కూర్చోనివ్వదు. స్నానం చేసి తుడుచుకునే లోపలే మళ్ళీ చెమట పడుతుంది. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఒక లాడ్జిలో దిగి, సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడి నుంచే ఆఫీసు పని చేసి, ఆ ఉక్కపోతను భరించగలనని రూఢి చేసుకున్న తరవాతే ఆదివారం బీచికి వెళ్ళాను.

రామకృష్ణా బీచిలో ఆదివారం సాయంత్రం ఊరంతా ఉంటుంది. కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా పెట్టిన చోటికి కొంచెం ఇవతల పిట్టగోడ మీద కూర్చున్నాను. మూరీ మిక్చర్ అమ్మే ఆయన కత్తిపీట లేకుండా ఉల్లిపాయను అరచేతిలోనే పెట్టుకుని సన్నగా తరిగి, స్టీలు డబ్బాలో మరమరాలు, వేరుశనగ గుళ్ళు, కారం వేసి, నిమ్మచెక్క పిండి, గరిటెతో డబ్బా అంచు మీద మూడు సార్లు తట్టి పొట్లం చేతిలో పెట్టాడు. సూర్యుడు మన వెనక కొండల వైపు దిగుతాడు కనుక సముద్రం మీద చీకటి త్వరగా పరుచుకుంటుంది. కాసేపటికి, రేవులో చోటు కోసం బయట లంగరు వేసుకుని ఉన్న ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలిగి, దూరంగా ఒక వరుసగా కనిపించాయి. కుడివైపున డాల్ఫిన్స్ నోస్ కొండ మీద దీపస్తంభం వెలుగు తిరుగుతోంది. నా పక్కన ఒక ముసలి జంట, అటు పక్కన కాలేజీ పిల్లలు, ఇంకా అవతల నాలాగే ఒక్కతే కూర్చున్న నా ఈడు అమ్మాయి. రెండు గంటలు కూర్చున్నాను, ఒక్కరూ నన్ను వింతగా చూడలేదు. ఖర్చు పొట్లం డబ్బులే. ఆ రాత్రి లాడ్జికి నడిచి వెళుతూ అమ్మకు ఫోను చేసి చెప్పాను.

"అంత దూరం ఏందమ్మా? అక్కడ మనకెవరున్నారు?" అంది అమ్మ. ఆమె అన్నది నిజమే. ఒంగోలు నుంచి రాత్రి బండెక్కితే తెల్లవారేసరికి గానీ విశాఖ రాదు.

ఊరు నచ్చడం వేరు, అందులో పేట ఎంచుకోవడం వేరు. విశాఖ గుండ్రంగా పెరిగిన ఊరు కాదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సింహాచలం, కంబాలకొండ వరస. ఈ రెండింటి నడుమ 16వ నంబరు జాతీయ రహదారి వెంబడి పొడవుగా సాగిపోయింది. గాజువాక నుంచి మధురవాడ పాతిక కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఉక్కు కర్మాగారం వైపు పని దొరికినవారు మధురవాడలో ఇల్లు తీసుకుంటే, ఆ ఊరు వారికి హైదరాబాదు అంత పెద్దదైపోతుంది. నాకు ఆఫీసు లేదు కనుక నా ఆదివారానికి దగ్గరగా ఉండే చోటు వెతికాను.

అలా వెతుకుతూ రెండు పరీక్షలు నేర్చుకున్నాను. రేవుకు దగ్గరగా వన్ టౌన్ వైపు చూసిన ఒక ఇల్లు అద్దెకు చవక, గదులు విశాలం. కిటికీ గట్టు మీద వేలు రాస్తే నల్లగా అంటుకుంది. పొద్దున్నే తుడిచామనే ఇంటివారు చెప్పారు, వారు అబద్ధం చెప్పలేదు; బొగ్గు, ముడి ఖనిజం దిగే రేవు గాలి అది. సముద్రానికి ఎదురుగా లాసన్స్ బే కాలనీలో చూసిన ఇంట్లో దుమ్ము లేదు గానీ, కిటికీ ఊచలు చేత్తో పట్టుకుంటే తుప్పు పొరలుగా రాలింది. ఉప్పుగాలికి ఇనుప ఊచలు, ఫ్యాను కొక్కేలు, ఏసీ బయటి పెట్టె, ఏదీ ఎక్కువ కాలం నిలవదు. ఆ వరసలో బోరు నీళ్ళు కూడా నోట్లో పోసుకుని చూడాలి. ఇంకొక మాట కూడా తప్పక చెప్పాలి. పరిశ్రమల ఊళ్ళో ఇల్లు తీసుకునేవారు, చుట్టుపక్కల ఏ కర్మాగారం ఉందో, అక్కడ ఏం నిలవ చేస్తారో అడిగి తెలుసుకోవాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్ఆర్ వెంకటాపురంలో ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి లీకైనప్పుడు, ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో ఇళ్ళల్లో నిద్రపోతున్నవారు ఉన్నారు.

చివరికి ఎంవీపీ కాలనీ మీద మనసు నిలిచింది. రైతుబజారుకు నడిచి వెళ్ళవచ్చు, బీచికి షేర్ ఆటో దొరుకుతుంది, పిఠాపురం కాలనీలో కచేరీలు జరిగే కళాభారతి దగ్గరే. కానీ ఇల్లు దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. టు లెట్ బోర్డు చూసి గేటు తీస్తే మొదటి ప్రశ్న "ఫ్యామిలీయా?" అని, రెండోది "మీరేవిట్లండీ?" అని. కులం చెప్పనందుకు ఒక ఇల్లు పోయింది. రాత్రి ఎనిమిది దాటితే గేటు తీసేది లేదన్నందుకు ఇంకొకటి నేనే వదులుకున్నాను. హాస్టల్ విడిచి వచ్చింది మళ్ళీ హాస్టల్లో చేరడానికి కాదు. ఒంటరిగా ఉండే ఆడపిల్ల అద్దె సరిగ్గా కడుతుందా అని అడిగినవారు ఒక్కరూ లేరు, ఎవరెవరు వస్తారని మాత్రం అందరూ అడిగారు. ఈ అవమానం ఏ ఊళ్ళోనైనా తప్పదని తెలిసి కూడా, పదో రోజు సాయంత్రం లాడ్జి గదిలో చాలాసేపు ఏడ్చాను.

పదకొండో రోజు చూసిన మేడ మీద పోర్షన్ ఇంటావిడకు డెబ్బై ఏళ్ళుంటాయి. "ఏటమ్మా, ఒక్కదానివే ఉంటావేటి?" అని అడిగారు. అవునన్నాను. మళ్ళీ ఏ ప్రశ్నా లేకుండా తాళం చేతికిచ్చి, పైకెళ్ళి చూసి రమ్మన్నారు. ఎందుకు అడగలేదో కొన్నాళ్ళకు ఆమే చెప్పారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ మీదే తీరం దాటినప్పుడు ఆ పోర్షన్‌లో ముగ్గురు పెళ్ళికాని కుర్రాళ్ళు అద్దెకు ఉండేవారట. "అదీ ఆదివారమేనమ్మా. మజ్జాన్నం గాలి కాసేపు ఆగితే అయిపోయిందనుకున్నాం. మళ్ళీ రెండో పక్క నుంచి కొట్టింది" అన్నారు. తరవాత రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు తిరగలేదు, వీధికి అడ్డంగా చెట్లు పడిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. ఆ ముగ్గురూ కొమ్మలు నరికి దారి చేసి, చేతిపంపు దగ్గరి నుంచి వీధిలోని ముసలివాళ్ళందరికీ బిందెలతో నీళ్ళు మోశారట. "సంసారాలోళ్ళు ఎవలిల్లు ఆలు సూసుకున్నారు. ఈ గుంటలే వీధిని సూసారు" అన్నారు. గుంటలంటే ఇక్కడ పిల్లలని. అప్పటి నుంచి ఆ పోర్షన్ ఒంటరిగా వచ్చినవారికే ఇస్తున్నారు. అద్దె 11,000, అడ్వాన్సు రెండు నెలలు, ఒప్పందం పదకొండు నెలలకు. ఒప్పందం పదకొండు నెలలకే రాసుకోవడం చాలాచోట్ల వాడుక.

నేను పోగొట్టుకున్నది కూడా చెప్పాలి. ఈ ఉద్యోగం పోతే ఇలాంటి ఉద్యోగం విశాఖలో వెంటనే దొరకదు. 1933లో తెరిచిన రేవు, నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు, నౌకాదళం, మందుల పరిశ్రమలు ఉన్న పెద్ద ఊరే అయినా, కంప్యూటరు ముందు కూర్చునే పనులు తక్కువ, అవీ ఎక్కువగా రుషికొండ, మధురవాడ వైపు ఉన్నాయి. అందుకే ఇక్కడ పుట్టి పెరిగిన నా ఈడువారు హైదరాబాదు వెళుతున్నారు. నా రెండు ఆఫీసు రోజులు సోమ, మంగళవారాలు కనుక, నెలకు ఒక ఆదివారం సాయంత్రం నేనూ వారితో పాటు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను. 1974 నుంచి నడుస్తున్న ఆ బండి కిటికీల దగ్గర, ఆవకాయ సీసాలు చేతికందిస్తూ తల్లులు నిలబడి ఉంటారు. వాళ్ళ పిల్లలు వదిలి వెళుతున్న ఊళ్ళో నేను ఉంటున్నానన్న ఆలోచన ప్రతిసారీ గుండెను పట్టేస్తుంది. ఉద్యోగం మారాల్సి రావచ్చు కనుక ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా బ్యాంకులో వేసుకున్నాను. ఆ డబ్బు లేకుండా ఇలాంటి ఊరికి రావద్దని నన్ను అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను.

మిగిలిన మూడు ఆదివారాలూ నావి. ఒక వారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళతాను. ఒక వారం కళాభారతిలో కచేరీ ఉంటే వెళ్ళి కూర్చుంటాను; నా వరసలో ఎప్పుడూ కూర్చునే ఒక రిటైర్డు టీచరు గారు ఇప్పుడు నాకోసం పక్క కుర్చీలో చేతిసంచి పెట్టి ఉంచుతున్నారు. ఒక వారం బీచికి. అక్టోబరులో వానలు పట్టుకున్నప్పుడు ఎక్కడికీ వెళ్ళలేక ఇంటావిడతో కింద వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీశాను. నేను "ఏంది" అంటే ఆమె నవ్వుతారు, ఆమె "బేగి రా" అంటే నాకు ముచ్చటేస్తుంది. దీపావళికి వచ్చిన అమ్మ ఆ వరండాలోనే ఆమెతో రెండు గంటలు మాట్లాడి, పైకి వచ్చి, దూరం గురించి మళ్ళీ ఎత్తలేదు.

వచ్చే నెల 4వ తేదీకి పదకొండు నెలలు నిండుతాయి. అద్దె 500 పెంచుతానని ఇంటావిడ ముందే చెప్పారు, నేను సరేనన్నాను. డాబా మీద బట్టలారేసుకునే ఇనుప తీగ ఉప్పుగాలికి తెగిపోయింది. ఈ ఆదివారం పూర్ణా మార్కెట్‌కు వెళ్ళి నైలాన్ తాడు తెచ్చి కట్టాలి.