72 గంటల ఆన్‌లైన్ రిఫ్రెషర్ అయిపోయింది, ఆ 10 నిమిషాలు మాత్రం ఇంకా మండుతానే ఉంది

నిన్న సాయంత్రంతో పీడ వదిలింది. ఆన్‌లైన్‌లో పాఠం ఎట్ల చెప్పాలో లెక్చరర్లకు నేర్పే రిఫ్రెషర్ కోర్సు, 12 పనిదినాలు, రోజుకు 6 గంటలు. నేను కర్నూల్లో డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తా. నేర్చుకుందామని చేరినానంటే అబద్ధం, ప్రమోషన్‌కు కావాల. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 రూల్స్‌లో సర్వీసు ఒక్కటే చాలదు, ఓరియెంటేషన్, రిఫ్రెషర్ లాంటి కోర్సులు కూడా చూపియ్యాల.

రిజిస్ట్రేషన్ 20 నిమిషాల పని. ప్రిన్సిపాల్ సంతకానికి మాత్రం రెండు రోజులు తిరిగినా, ఆ ముచ్చట వదిలేయండి.

మొదటి వారం హాయిగా గడిచింది. ఆన్‌లైన్ కోర్సుకు నాలుగు క్వాడ్రంట్లంట, అంటే నాలుగు భాగాలు: వీడియో, చదువుకునే మెటీరియల్, డిస్కషన్, అసెస్‌మెంట్. కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ వేదిక 'స్వయం'లోని కోర్సులన్నీ ఈ నాలుగు కాళ్ల మీదే నిలబడతాయి. నేను కెమెరా ఆన్ పెట్టుకుని పక్కన ఉగ్గాని ప్లేటు కూడా పెట్టుకుని విన్యా.

అసలు కథ ఎనిమిదో రోజు. మైక్రో టీచింగ్, అంటే తోటి లెక్చరర్ల ముందు చిన్న పాఠం చెప్పి చూపియ్యడం, ఒక్కొక్కరికి 10 నిమిషాలు. నేను డిప్రిసియేషన్ (వాడే కొద్దీ వస్తువు విలువ తగ్గడం) తీసుకున్నా, నిద్రలో లేపి అడిగినా చెప్తా అది. స్ట్రెయిట్ లైన్ మెథడ్, అంటే ధరలోంచి స్క్రాప్ విలువ తీసేసి, మిగిలింది వాడే ఏళ్లతో భాగించడం. మెషిన్ ధర లక్ష, స్క్రాప్ విలువ 10 వేలు, 9 ఏళ్లు వాడతాం, ఏడాదికి ఎంత? బాగానే చెప్పినాననుకుని ఫ్యాన్ కింద చెమట తుడుచుకుంటాంటే మాకు నేర్పే రిసోర్స్ పర్సన్ మేడమ్ అడిగింది, "సార్, మీరు 'అర్థమైందా' అని ఎన్నిసార్లన్నారో తెలుసా?" నేను నవ్వినా. "27 సార్లు. ఎవరైనా జవాబు చెప్పినారా?"

స్క్రీన్ మీద యాభై మందికి పైగా ఉన్నారు. ఎవరూ నవ్వలేదు, అదే ఇంకా ఘోరం. కొందరు కెమెరాలు ఆపేసినారు, బహుశా నవ్వుకోడానికేమో.

కోపమొచ్చింది. మా క్లాసులో 27 సార్లు అడిగితే 27 సార్లూ తలకాయలు ఊపుతారు మేడమ్, అందామనుకున్నా. నోరు పెగల్లేదు. రాత్రి పండుకుని ఆలోచిస్తే తెలిసింది, ఆ తలకాయలు ఊపడం కూడా అర్థమై కాదు, సార్ ముందుకు పోతాడని. ఇన్నేళ్లూ నేను దాన్నే కొలతగా పెట్టుకుని పాఠం నడిపినా! ఆన్‌లైన్‌లో ఆ తలకాయలు కూడా కనపడవు, అంతే తేడా.

రెండో ఛాన్స్ ఇచ్చినారు. ఈసారి "అర్థమైందా" బదులు పోల్ పెట్టినా: 10,000, 11,111, 12,222. తప్పు ఆప్షన్లు నోటికొచ్చినవి కావు. స్క్రాప్ తీసేయడం మరిచినోడికి 11,111 వస్తుంది, తీసేసేది పోయి కలిపినోడికి 12,222. ఎవడు ఏది నొక్కినాడో చూస్తే ఎక్కడ తప్పినాడో అక్కడికక్కడే తెలుస్తుంది. ఈ ఐడియా పూర్తిగా నాదే, మేడమ్ చెప్పలేదు, పైగా ఆమే దాన్ని మిగతావాళ్లకు చూపిచ్చింది, ఇది రాయకుండా ఉండలేను. లెక్చరర్లే అయినా కొందరు 11,111 నొక్కినారు, వాళ్ల పేర్లు రాయను, సబ్జెక్టు కామర్స్ కాదులే.

ఇంకోటి, పోల్ పెట్టినాక నోరు మూసుకుని ముప్పై సెకన్లు ఆగాల. మనోళ్లకు అదే చేతకాదు. నాకైతే ఆ ముప్పై సెకన్లు కర్నూలు మే నెల మధ్యాహ్నమంత పొడుగైంది.

చేరబోయేవాళ్లకు చెప్పేదేమంటే, వీడియో ఎడిటింగ్ గురించి ఎవరెంత భయపెట్టినా పట్టించుకోవద్దండి, ఫోను స్టాండు, మంచి మైకు ఉంటే చాలు. పీపీటీలో అక్షరాలు ఫోన్‌లో చూసుకోండి, పిల్లలు చూసేది ఫోన్‌లోనే. హాజరు ఫారం పొద్దున్నే నింపేయండి, తర్వాత ఎవరిని బతిమాలినా పని కాదు.

ఈ రోజు సర్టిఫికెట్ వచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, దీంట్లో ఇనిషియల్ ఒక్కటే పడింది. వాళ్లను తిడదామని మెయిల్ మొదలుపెట్టి రిజిస్ట్రేషన్ తెరిచి చూస్తే, ఆ 20 నిమిషాల్లో నేనే అట్ల కొట్టినా. ఆఫీసులో క్లర్కు ఇది చెల్లదన్నాడు. రేపు మళ్లీ రాయాల, ఈసారి కొంచెం మర్యాదగా.