తేలినీలాపురం చింతచెట్ల కింద

డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం శ్రీకాకుళం నుంచి టెక్కలి మీదుగా తేలినీలాపురం చేరేసరికి మంచు ఇంకా విడలేదు. పక్షులు కంటబడకముందే గూళ్లలోని పిల్లల అరుపులు, చేపల నీచువాసన మాకు ఎదురువచ్చాయి. చింతాకు రెట్టలతో సున్నం చల్లినట్లు తెల్లబడి ఉంది. ఇళ్ల మధ్య చెట్ల మీద కూడా గూళ్లు ఒకదానికొకటి ఆనుకుని కనిపించాయి.

గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) ఏటా సెప్టెంబరు ప్రాంతంలో ఇక్కడికి వచ్చి, గూళ్లు కట్టుకుని, పిల్లలకు రెక్కలు వచ్చాక వేసవి ముదిరేలోపు వెళ్లిపోతాయి. వీటిని సైబీరియా పక్షులని వింటూ పెరిగాం. ఆ మాట సరికాదు. ఇవి దక్షిణ, ఆగ్నేయాసియాల్లోనే పుట్టి పెరిగే జాతులు. ఎక్కడివో అనుకుంటే వాటి తిండి గురించి మనకు పట్టదు కనుక, ఈ పొరపాటును దిద్దుకోవడం అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అరగంటసేపు ఒకే గూటిని చూస్తూ నిలబడ్డాను. పై ముక్కు అంచున వరుసగా నీలిమచ్చలున్న పెద్ద గూడబాతు వాలీ వాలగానే నోరు తెరిచింది. పిల్ల తలతో పాటు మెడను కూడా ఆ గొంతుసంచిలోకి దూర్చేయడంతో, సంచి అటూ ఇటూ కదలడం తప్ప మరేమీ కనిపించలేదు. ఎర్రకాళ్ల కొంగ తిండి వెతుక్కునే తీరు వేరు. అది సగం తెరిచిన ముక్కును నీటిలో ముంచి నడుస్తూ, చేప తగిలిన క్షణంలో మూసేస్తుంది. అందుకే దానికి లోతు తక్కువ నీరు కావాలి.

కొమ్మలు ఇంటిమీదికి వంగిన ఒక పెద్దావిడను, ఈ రెట్టలతో, వాసనతో ఇబ్బంది లేదా అని అడిగాను. "కొమ్మ కొట్టీమంటే మనసొప్పదు బాబూ. పురిటికొచ్చిన ఆడపిల్లని బయిటికి పొమ్మన్నట్టుంటాది" అంది. రక్షణ కంచెకన్నా ముందు నుంచీ ఈ పక్షులను కాపాడింది ఆ మనసే.

అయితే గూడు ఊళ్లో ఉన్నా తిండి ఊరి బయట చెరువుల్లో, నౌపడ చిత్తడినేలల్లో ఉంది. 2021-22 శీతాకాలంలో ఇక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయినప్పుడు, చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగులే కారణమని అనుమానించారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. చెట్లకు ఇచ్చిన రక్షణ ఆ నీళ్లకూ ఇవ్వాలి. చెరువుల్లో చేపల ఆరోగ్యాన్ని ఏటా పక్షులు రాకముందే పరీక్షించాలి.

మేము తిరిగి వస్తుండగా కొందరు కుర్రాళ్లు ఫొటో కోసం చప్పట్లు కొట్టి పక్షులను లేపారు. వెళ్లి వద్దని చెప్పాను. ఉలిక్కిపడి పెద్దపక్షి లేచిపోతే, ఒంటిమీద ఈకలైనా రాని పిల్లలు ఎండకు మాడిపోతాయి, లేదా కాకుల పాలవుతాయి.