నొప్పిని వినడం నేర్చుకున్న తీరు

"అంటే నా నొప్పి ఉత్తిదేనంటారా?" దీర్ఘకాలిక నొప్పితో బాధపడుతూ వైద్యుల సలహాపై నా దగ్గరికి వచ్చినవారిలో చాలామంది మొదట అడిగే ప్రశ్న ఇది. మనస్తత్వ నిపుణురాలిగా తొలి ఏళ్లలో నేను దీనికి పాఠం చెప్పి జవాబిచ్చేదాన్ని. 1965లో నొప్పి పరిశోధకులు మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం వెన్నుపాములో నొప్పి సంకేతాలకు ఒక ద్వారం వంటిది ఉంటుందనీ, మెదడు నుంచి దిగివచ్చే ప్రభావాలు దాన్ని తెరవనూగలవు, మూయనూగలవనీ, కాబట్టి ఒత్తిడి వల్ల పెరిగిన నొప్పి కూడా నిజమైన నొప్పేననీ వివరించేదాన్ని. వారు ఓపికగా విని, మరుసటి వారం అదే నొప్పితో తిరిగి వచ్చేవారు.

ఆ నిస్సహాయతే నన్ను మనోవిశ్లేషణ (మనసులో మరుగున ఉన్నవాటిని మాటల ద్వారా వెలికితెచ్చే చికిత్స) శిక్షణలో చేర్పించింది. సిద్ధాంత పాఠాలు కష్టమనిపించలేదు. శిక్షణలో భాగంగా నన్ను నేను విశ్లేషణకు అప్పగించుకోవడమే కష్టమైంది. వారానికి నాలుగు రోజులు, రోజుకు 50 నిమిషాలు, ఏళ్ల తరబడి. మా నాన్నగారి ప్రస్తావన వచ్చిన రోజుల్లో నా మెడ పట్టేస్తోందని గమనించింది నా విశ్లేషకురాలే కాని నేను కాదు.

ఆ రోజుల్లోనే, కాళ్ల నొప్పితో వచ్చిన ఎలిజబెత్ అనే యువతి గురించి మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1895లో ప్రచురించిన కథనం చదివాను. జబ్బుపడిన తండ్రి కాలికి కట్టు మార్చేటప్పుడు ఆ వాచిన కాలు ఆమె తొడపై ఏ చోట ఆనేదో, నొప్పి అక్కడే మొదలయ్యేదట. అందరికీ గుర్తుండేది ఈ సంగతే. నాకు అంతకన్నా విలువైనదిగా తోచింది మరొకటి: ఆమె మాట్లాడుతుండగా నొప్పి పెరగడం, తగ్గడం ఫ్రాయిడ్ గమనిస్తూ, దాన్ని కూడా సంభాషణలో భాగంగా తీసుకోవడం.

అయినా నా మొదటి కేసులో తొందరపడ్డాను. భుజం నొప్పితో వచ్చిన ఒకావిడతో రెండో నెలలోనే, ఆ నొప్పి ఆమె దిగమింగుకున్న కోపమేనని చెప్పేశాను. ఆ తర్వాత రెండు సెషన్లకు ఆమె రాలేదు. ఆమె నొప్పిని తోసేసి ఆ స్థానంలో నా సిద్ధాంతాన్ని కూర్చోబెట్టానని నా పర్యవేక్షకుడు అన్నారు. ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది.

అప్పటినుంచి నొప్పి ఏ మాట దగ్గర పెరిగింది, ఏ మౌనం తర్వాత తగ్గిందన్నదే అడుగుతూ వచ్చాను. కొన్ని నెలలకు, తన నొప్పి వినీ వినీ ఇంట్లోవారిలాగే నేనూ విసుగుచెందుతానని భయపడుతున్నట్టు ఆమె చెప్పారు. నేను ఒక సెషన్ రద్దు చేసుకున్న మరుసటి వారం నా మీద గట్టిగా కోప్పడ్డారు. ఆ రోజు భుజం ప్రస్తావనే రాలేదని వెళ్లేముందు ఆమే గుర్తుచేశారు.

వైద్యపరీక్షలు పూర్తికాకుండా నేను ఎవరినీ తీసుకోను. కొత్తగా తిమ్మిరి, బలహీనత, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే వైద్యుల దగ్గరికి తిరిగి పంపుతాను. అందరికీ మనోవిశ్లేషణే తగినదని కూడా అనను. ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే ప్రవర్తనా చికిత్సల మీద ఇంతకన్నా ఎక్కువ అధ్యయనాలు జరిగాయి, కొందరికి అవే చాలు.

భుజం నొప్పితో వచ్చిన ఆవిడ మూడో ఏట చికిత్స ముగించేనాటికి నొప్పి పూర్తిగా పోలేదు. వారంలో ఒకటి రెండు రోజులు వచ్చేది. ఆ రోజుల్లో కూడా ఆమె ఉద్యోగానికి వెళ్లేవారు.