స్పై సినిమా సి సెంటర్‌లో ఆడదని ఎవరన్నారు?

తెలుగులో ఏదైనా స్పై సినిమా మొదలవగానే ట్రేడ్‌లో ఒక మాట తిరుగుతుంది, "సిటీలో, ఓవర్సీస్‌లో ఆడుతుంది గానీ బి, సి సెంటర్లలో కష్టం" అని. బి, సి సెంటర్లంటే చిన్న ఊళ్ల హాళ్లు. ఆ సి సెంటర్లంటే ఎవరో కాదు, మేమే. అచ్చంపేట, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, అటు పోతే దేవరకొండ, హాలియా. కోడ్ మెసేజ్‌లు, రెండు వైపులా పనిచేసే డబుల్ ఏజెంట్లు, ఎవడు ఎవడి మనిషో చివరిదాకా తేలని కథలు మాకు ఎక్కవని వాళ్ల లెక్క. ఈ మాట వినీ వినీ విసుగొచ్చి రాస్తున్నా. స్పై సినిమాలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం, చూసిందంతా ఈ చుట్టుపక్కల హాళ్లలోనే. ఏ సీన్‌కి మా జనం ఊపిరి బిగబట్టారో, ఏ సీన్‌కి లేచి బయటికి పోయారో దగ్గరుండి చూసినవాణ్ణి.

అసలు తెలుగులో ఈ రకం సినిమాకి పునాది పడిందే మామూలు జనం మెచ్చుకోవడం వల్ల. 1966లో 'గూఢచారి 116' వచ్చేనాటికి కృష్ణ ఇంకా కొత్తవాడు. అంతకుముందు ఏడాది 'తేనె మనసులు'లో స్కూటర్ మీద కారును వెంటాడి దాని మీదికి దూకే సీన్ చేశాడు, అది చూసే నిర్మాత డూండీ ఇతన్ని గూఢచారిగా పెట్టుకున్నాడని చెబుతారు. బ్లాక్ అండ్ వైట్ సినిమా, ఇప్పటి లెక్కల్లో చూస్తే చేతిలో ఏమీ లేనట్టే. అయినా ఆ ఒక్క దెబ్బతో కృష్ణకి ఆంధ్రా జేమ్స్‌బాండ్ అని పేరు పడిపోయింది. మా నాన్న తరం వాళ్లు ఆ సినిమాలు చూసిందీ ఏసీ హాళ్లలో కాదు. పెద్ద ఊళ్లలో ఆడి ఆడి గీతలు పడ్డ ప్రింట్ చాలా ఆలస్యంగా ఇటు వచ్చేది. ఒక్కోసారి రెండు హాళ్లకి కలిపి ఒకటే ప్రింట్, ఇక్కడ ఒక రీలు అయిపోగానే డబ్బాలో పెట్టి సైకిల్ మీద అక్కడికి తోలేవాళ్లు. మధ్యలో రీలు రాక ఆగిపోయినా జనం కథ మర్చిపోకుండా కూర్చున్నారు. అప్పుడు అర్థమైన కథ ఇప్పుడెందుకు అర్థం కాదు?

2018 ఆగస్టు 3న అడివి శేష్ 'గూఢచారి' వచ్చింది. దర్శకుడు శశికిరణ్ తిక్కకి అదే మొదటి సినిమా. కథ శేష్‌ది, మాటలు అబ్బూరి రవి. ఎప్పుడో 1996లో ఒక సినిమా చేసి మానేసిన సుప్రియని తీసుకొచ్చి ఏజెన్సీలో పెద్ద ఆఫీసర్‌గా పెట్టారు, ఆమె నోరు పెద్దగా మెదపకుండానే ఆ కుర్చీకి బరువు తెచ్చింది. పెద్ద స్టార్ లేడు, పెద్ద బడ్జెట్ లేదు. నేను మహబూబ్‌నగర్‌లో చూశా, హాలు సగం పైనే నిండింది. కథ ఇప్పటికే అందరికీ తెలుసు కాబట్టి చెప్పేస్తున్నా. హీరో తండ్రి ఎప్పుడో చనిపోయాడనుకుంటాం కదా, ఆయన బతికే ఉన్నాడని సినిమాలో బయటపడే కంటే చాలా ముందే నా వెనక వరసలో ఒకామె పక్కామెతో అంది, "వాడు సావలేదక్కా, చూడు, వాడే వీని నాయిన." పొలం పనులు చేసుకునే మనిషి అని ఆమె మాటని బట్టే తెలుస్తోంది. ఆ సినిమా ఎక్కడెక్కడ చిన్న ఆనవాలు వదిలిందో అన్నీ ఏరుకుని, లెక్క కట్టి, హీరో కంటే ముందే తేల్చేసింది. ఈమెకి డబుల్ ఏజెంట్ కథ ఎక్కదని ఏ ధైర్యంతో అంటారు?

ఇంకొక మాట. మా జిల్లాల్లో రహస్యం అనేది సినిమా చూసి నేర్చుకునే సంగతి కాదు. నల్లగొండలో సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో దళాలకి కబుర్లు మోసిన కొరియర్లు మన ఊళ్ల ఆడవాళ్లు, పిల్లలు, పశువులు కాసుకునేవాళ్లు. మల్లు స్వరాజ్యం తలకి అప్పట్లో 10,000 రూపాయల వెల కట్టారు, ఆమె రాజక్క అనే పేరుతో అజ్ఞాతంలో తిరిగింది. ఆ తర్వాత నల్లమల అంచున ఉన్న ఊళ్లు ఎన్నో ఏళ్లు పగలు పోలీసులు, రాత్రి అన్నలు అన్నట్టుగా బతికాయి. ఎవరి ముందు ఏ మాట అనాలి, ఎవరికి అన్నం పెట్టిన సంగతి ఎవరికి తెలియకూడదు, కొత్త మనిషి ఊళ్లోకొస్తే వాడు ఎవరి తరఫు అయ్యుంటాడు, ఇవన్నీ ఇంట్లో పిల్లలకి కూడా తెలిసేవి. ఇన్‌ఫార్మర్ అన్న అనుమానం ఒక్కటి చాలు, మనిషి ప్రాణం పోయేది, ఆ ముద్ర మోస్తున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇట్లాంటి చోట పెరిగిన ప్రేక్షకుడు తెర మీద అబద్ధం ఆడుతున్న మనిషిని చూసి ఇట్టే పసిగడతాడు. అతనికి అర్థం కానిది కథ కాదు, కథే లేకుండా మోగే తుపాకులు.

2023 ఏప్రిల్‌లో 'ఏజెంట్' వచ్చింది. అఖిల్ ఒళ్లు మార్చుకుని కష్టపడ్డాడు, మమ్ముట్టి లాంటి నటుడు మన దేశ గూఢచారి సంస్థ 'రా'కి చీఫ్‌గా ఉన్నాడు, ఖర్చుకి వెనకాడలేదు. విడుదలైన కొన్నాళ్లకే నిర్మాత అనిల్ సుంకర తనే బయటికొచ్చి, పూర్తి స్క్రిప్ట్ చేతిలో లేకుండా మొదలుపెట్టడం పొరపాటని ఒప్పుకున్నాడు. ఆ మాట చెప్పినందుకు ఆయనంటే నాకు గౌరవం. అదే ఏడాది జూన్‌లో నిఖిల్ 'స్పై' వచ్చింది, 'గూఢచారి'కి ఎడిటర్‌గా చేసిన గ్యారీ బీహెచ్ దర్శకుడు. చివరి నిమిషం హడావిడిలో కాపీ టైమ్‌కి అందక ఓవర్సీస్‌లో షోలు పోయాయి, నిఖిల్ లెటర్ రాసి మరీ క్షమాపణ చెప్పాడు.

ఫ్యామిలీ సినిమా అయితే షూటింగ్‌లో రెండు సీన్లు మార్చుకున్నా ఏదోలా లాక్కురావచ్చు, స్పై సినిమాకి ఆ వెసులుబాటు లేదు. సినిమా వరసగా తీయరు కదా, క్లైమాక్స్ ముందు తీస్తారు, ఫారిన్ పర్మిషన్ దొరికినప్పుడు అక్కడి సీన్లన్నీ ఒక్క ఊపులో లాగిస్తారు, పెద్ద నటుడి డేట్లు ఉన్న నాలుగు రోజుల్లో అతని పోర్షన్ మొత్తం ముగిస్తారు. మొదటి అరగంటలో టేబుల్ మీద పెట్టిన ఒక ఫోటో చివరి అరగంటలో పేలాలంటే, ఆ ఫోటో ఏ కోణంలో ఉండాలి, ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అన్నది కెమెరా పెట్టకముందే తేలిపోవాలి. మధ్యలో విలన్ ఎవరన్నది మార్చారనుకోండి, అప్పటికే తీసేసిన సీన్లలో నటులు పాత కథకే నటించి ఉంటారు. వాళ్ల కళ్లలో ఉన్న అనుమానం ఇప్పుడు తప్పు మనిషి మీద ఉంటుంది. ఎడిటింగ్ టేబుల్ మీద దాన్ని ఎవరూ సరిచేయలేరు, కాబట్టి ఆ అతుకు కనపడకుండా ఒక ఛేజ్, ఒక హెలికాప్టర్ వచ్చి పడతాయి. మా జనం సరిగ్గా అక్కడే లేచి బయటికి పోతారు. అది చూసి సి సెంటర్‌కి ఎక్కలేదని రాస్తారు.

విజయ్ దేవరకొండ 'కింగ్‌డమ్' సంగతికొస్తే, దాని మీద మా వైపు ఆశ మామూలుగా లేదు. విజయ్ వాళ్లది అచ్చంపేట పక్కన తుమ్మన్‌పేట, మా పిల్లాడు అనే భావం ఇక్కడ గట్టిగా ఉంటుంది. 2025 మార్చి 28 అన్నారు, మే 30 అన్నారు, జూలై 4 అన్నారు, చివరికి జూలై 31న వచ్చింది. అన్ని డేట్లు మారినా మా దగ్గర పిల్లలు ఫ్లెక్సీల డబ్బులు పోగేస్తూనే ఉన్నారు. సూరి అనే కానిస్టేబుల్ తప్పిపోయిన అన్న కోసం శ్రీలంకలో స్మగ్లర్ల ముఠాలో కలిసిపోతాడు. తను పోలీసునని అన్న దగ్గర దాచాల్సి వచ్చినంతసేపూ హాల్లో సప్పుడు లేదు, నేను చూసిన షోలో విజిల్స్ కూడా ఆగిపోయాయి. తర్వాత కథ తెగ, రాజు, జోస్యం వైపు మళ్లిపోయి ఆ దాపరికం పక్కకి పోయింది, జనంలో ఉన్న టెన్షన్ కూడా దాంతోటే పోయింది. గౌతమ్ తిన్ననూరి మంచి దర్శకుడు, 'జెర్సీ' తీసిన మనిషి, అందుకే ఇంకా బాధ.

మా చిన్న హాళ్లలో ఒక ఆపరేటర్ మామతో నాకు ఎప్పటి నుంచో పరిచయం. ఇప్పుడు సినిమా రీళ్లలో రాదు, ఫైల్‌గా వస్తుంది, దానికి తాళం ఉంటుంది, ఆ తాళం తీసే కీ ఆ హాలు సర్వర్‌కి ఒక్కదానికే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మాత్రమే పనిచేస్తుంది. సర్వర్ మార్చి ఆ సంగతి చెప్పకపోతే కీ పట్టదు, బయట జనం గేట్లు ఊపుతుంటారు, లోపల ఈయన ఫోన్ పట్టుకుని చెమటలు కక్కుతుంటాడు. అదొక తిప్పలు. కానీ నాకు ఆయన చూపించిన అసలు సంగతి తెర వెనక ఉంది. సినిమాలో మాటలు చాలా వరకు తెర వెనక మధ్యలో ఉండే స్పీకర్ నుంచే వస్తాయి, పక్క స్పీకర్ల నుంచి పాటలు, బాంబులు. అక్కడ ఆ మధ్య స్పీకర్ సగం చచ్చిపోయి ఉంది. "ఫైటింగులు మంచిగనే ఇనొస్తయి బిడ్డా, గుసగుసలే ఇనరావు," అన్నాడు. స్పై సినిమాలో కథంతా గుసగుసల్లోనే ఉంటుంది! ఇద్దరు ఆఫీసర్లు లిఫ్ట్‌లో మెల్లగా అనుకున్న ఒక్క పేరు వినపడకపోతే ఆ తర్వాత గంట సినిమా గాలికి పోయినట్టే. బయటికొచ్చి "ఏం సమజ్ కాలే" అన్నవాడికి బుర్ర లేదని కాదు, వాడికి వినపడలేదు. స్పీకర్ మార్చమంటే ఓనర్ లెక్క ఓనర్‌ది, నాలుగు వారాలకి ఓటీటీలో వచ్చే సినిమా కోసం ఎంతని పెడతాడు? 'కింగ్‌డమ్' ఆగస్టు 27కే నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది.

'గూఢచారి' రెండో భాగం జీ2 తీస్తున్నారు. వాళ్లకి నా మాట చేరుతుందో లేదో గానీ అడుగుతా. ఫైనల్ మిక్సింగ్ అయ్యాక హైదరాబాద్ స్టూడియోలో విని సరే అనుకోకుండా, ఒక్కసారి కాపీ పట్టుకుని శ్రీశైలం రోడ్డెక్కండి, దారిలో కల్వకుర్తి తగులుతుంది, అక్కడో అచ్చంపేటలోనో ఏదో ఒక హాల్లో వెనక వరసలో కూర్చుని వినండి. ఏ మాట మునిగిపోతోందో రాసుకుని, దాన్ని కాస్త పైకి లేపి, అప్పుడు వదలండి. ఆ తర్వాత కూడా మాకు అర్థం కాలేదంటే ఒప్పుకుంటా.