సబ్బు పొర లాంటి కప్పు

వాన పెద్దదవడంతో ఈ సాయంత్రం మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియం కప్పు కిందికి పరుగెత్తాము. తలెత్తి చూస్తే, ఉక్కు తాళ్ల వల మీద పరచిన పారదర్శకమైన పలకల మీదుగా నీళ్లు పాయలుగా జారిపోతున్నాయి.

1972 నాటి ఈ కప్పు రూపకల్పనలో పాలుపంచుకున్న జర్మన్ వాస్తుశిల్పి ఫ్రై ఓటో, తీగ చట్రాలను సబ్బునీటిలో ముంచి, ఆ పలుచని పొర తనంతట తాను తీసుకునే ఆకారాన్ని గమనించి, అతి తక్కువ సామగ్రితో కట్టడమెలాగో స్టుట్‌గార్ట్‌లో విద్యార్థులకు నేర్పిన ఆచార్యులు.

రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపిన ఆయన, ఫ్రాన్స్‌లో బందీగా ఉన్నప్పుడు దొరికిన కొద్దిపాటి వస్తువులతోనే కట్టడాలు నిలబెట్టారు. ఈ తేలికదనం ఆ లేమిలోనే పుట్టిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

2015 మార్చి 9న ఆయన కన్నుమూశారు. వాస్తుశిల్పంలో అత్యున్నతమైనదిగా భావించే ప్రిట్జ్‌కర్ పురస్కారాన్ని ఆయనకు మరునాడే ప్రకటించారు. ఆ కబురు ఆయనకు ముందే అందిందని తెలిసి మనసు కుదుటపడింది.

వాన వెలిసినా చాలాసేపు అక్కడే నిలబడ్డాము.