దాయాదులు పంచుకోని పతకం

రిజిస్ట్రేషన్ శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసిన నాకు అన్నదమ్ముల పంపకాల దస్తావేజులు కొత్త కావు. నాలుగు సెంట్ల దొడ్డిని కూడా గట్టు వేసి పంచుకున్నవారిని చూశాను. పంచుకోవడానికి మనసొప్పని బావినో, పూజగదినో ‘ఉమ్మడి’ అని రాయించుకుని కళ్లు తుడుచుకుంటూ వెళ్లినవారినీ చూశాను. యేనాలో చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరికి ఈ వేసవిలో వెళ్లినప్పుడు, జర్మనీ నడిమి భాగంలోని తురింగియా ప్రాంతంలో అటువంటి ఉమ్మడి ఆస్తి ఒకటి నా కంటపడింది. అది అరచేతిలో ఇమిడే శిలువ ఆకారపు పతకం. అక్కడి డ్యూకులు తాము గౌరవించదలచినవారికి ప్రదానం చేసిన ‘సాక్సన్ ఎర్నెస్టైన్ వంశ బిరుదు’కు గుర్తు అది.

ఎర్ఫర్ట్ మీదుగా రైల్లో గోథా చేరి, ఊరి మధ్య గుట్ట మీద ఉన్న ఫ్రీడెన్‌స్టైన్ కోటకు నడిచి వెళ్లాము. పాత కోటను 1567లో నేలమట్టం చేసిన చోటనే, ముప్ఫై ఏళ్ల యుద్ధం ఇంకా ముగియకముందు, 1643లో, ఈ ప్రాంతాన్ని ఏలిన డ్యూక్ ఎర్న్‌స్ట్ దీని నిర్మాణం మొదలుపెట్టి ‘శాంతిశిల’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ద్వారం మీద ఇద్దరు స్త్రీలు ఒకరినొకరు ముద్దాడుతున్న శిల్పం ఉంది; వారు శాంతి, న్యాయమట. శాంతి పోషిస్తుంది, అశాంతి హరిస్తుంది అన్న అర్థంలో అక్కడ చెక్కిన వాక్యాన్ని మా అమ్మాయి చదివి వినిపించింది. కోట ముందు ఎర్న్‌స్ట్ విగ్రహం ఉంది. జనం ఆయనను ‘దైవభక్తుడు’ అనే బిరుదుతో కలిపి తలుచుకుంటారు. ఐదేళ్లు నిండిన ఆడపిల్లలనూ మగపిల్లలనూ బడికి పంపి తీరాలని 1642లోనే నియమం చేసిన పాలకుడాయన. ఆ ఒక్క పనికే నేను విగ్రహం ముందు కాసేపు నిలబడ్డాను.

ఆ మహానుభావుడికి బతికి పెద్దవారైన కొడుకులు ఏడుగురు. 1675లో తండ్రి పోయాక పెద్దవాడైన ఫ్రీడ్రిక్ ఆధ్వర్యంలో కొన్నాళ్లు ఉమ్మడిగా సాగించి, 1680లో రాజ్యాన్ని ఏడు వాటాలు వేసుకున్నారు: గోథా-ఆల్టెన్‌బర్గ్, కోబర్గ్, మైనింగెన్, ర్యోమ్‌హిల్డ్, ఐసెన్‌బర్గ్, హిల్డ్‌బర్గ్‌హౌసెన్, సాల్‌ఫెల్డ్. వీటిలో కొన్ని శాఖలకు మగసంతు లేకపోవడంతో వాటి భూముల కోసం మొదలైన తగాదా 1735 దాకా తెగలేదు. ఆ తరువాత 1825లో గోథా శాఖ కూడా అంతరించింది. మరుసటి ఏడు సాక్సనీ రాజు పెద్దమనిషిగా కూర్చుని, పొలాలు మార్చుకున్నట్టుగానే రాజ్యాలను మార్పించి పంపకం చేయించాడు. హిల్డ్‌బర్గ్‌హౌసెన్ డ్యూక్ తన ఊరిని వదులుకుని ఆల్టెన్‌బర్గ్ తీసుకున్నాడు. కోబర్గ్ డ్యూక్ సాల్‌ఫెల్డ్‌ను మైనింగెన్‌కు ఇచ్చి గోథా పుచ్చుకున్నాడు. ఈ వివరాలు చదువుతున్నంతసేపూ మా కార్యాలయపు వరండాలో చెట్టు కింద కూర్చుని హద్దులు తేల్చుకునే కుటుంబాలే నా కళ్లముందు మెదిలాయి.

ఆ పంపకం జరిగిన ఏడేళ్లకు, 1833 డిసెంబరు 25న, ఆల్టెన్‌బర్గ్ ఫ్రీడ్రిక్, కోబర్గ్-గోథా ఎర్న్‌స్ట్, మైనింగెన్ బెర్న్‌హార్డ్ ముగ్గురూ కలిసి ఈ బిరుదును స్థాపించారు. వీరిలో ఎర్న్‌స్ట్ రెండో కుమారుడే విక్టోరియా రాణిని పెళ్లాడిన ఆల్బర్ట్. మన ఇళ్లలో పాత రూపాయల మీద కనిపించే ఆ రాణికి ఈ ఎర్న్‌స్ట్ మామగారు. బిరుదు పూర్తిగా కొత్తది కాదు. ఏడుగురిలో పెద్దవాడైన ఫ్రీడ్రిక్ 1690లో ‘జర్మన్ నిజాయితీ’ పేరుతో ఏర్పరచిన పాత బిరుదును వీరు మళ్లీ నిలబెట్టారు. గ్రాండ్ క్రాస్, కమాండర్, నైట్ అనే మెట్లు, వాటి కింద సేవా శిలువలు, పతకాలు ఉండేవి. ఏ డ్యూక్ తన రాజ్యంలో తాను ప్రదానం చేసినా, బిరుదు మాత్రం ముగ్గురిదీ ఒక్కటే. యేనా ఈ లెక్కలోకి రాదు. అది ఇదే వంశంలోని వైమార్ శాఖ ఏలుబడిలో ఉండేది, వారికి తెల్ల డేగ బిరుదు వేరుగా ఉండేది.

పతకాన్ని నేను చేత్తో పట్టుకుని చూసింది కోటలో కాదు, కిందికి దిగాక ఒక సందులోని పాతవస్తువుల దుకాణంలో. మా ఆసక్తి గమనించిన దుకాణదారు, నెరిసిన జుట్టు పెద్దావిడ, అద్దాల బీరువాలోంచి తీసి మెత్తటి గుడ్డ మీద ఉంచింది. తెల్లటి ఎనామెల్ పూసిన ఎనిమిది మొనల శిలువ అది. ప్రతి మొనకూ ఆవగింజంత గుండు, చేతుల నడుమ సందుల్లో నాలుగు బుల్లి సింహాలు. ఒక మొన దగ్గర ఎనామెల్ పెచ్చు ఊడి లోపలి లోహం కనిపిస్తోంది. నడిమి బిళ్లలో బొటనవేలి గోరంత ముఖం: కోట ముందు నేను చూసి వచ్చిన ఎర్న్‌స్ట్‌దే. చుట్టూ నీలి వలయంలో లాటిన్ అక్షరాలు, ‘ఫిదేలితెర్ ఎత్ కాన్‌స్తాంతెర్’, అంటే విశ్వాసంతో, నిలకడతో. వలయం వెలుపల ఆకుపచ్చటి ఓక్ ఆకుల దండ. ముదురెరుపు పట్టీకి రెండంచులా ఆకుపచ్చ చార ఉంది.

ఈ రూపకల్పన నాకు ఎంతో నచ్చింది. అప్పుడు గద్దె మీద ఉన్న ముగ్గురిలో ఎవరి ముఖం వేసినా తక్కిన ఇద్దరికీ కొరతగానే ఉండేది. ముగ్గురికీ ఉమ్మడి పూర్వీకుడైనవాడి ముఖం వేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. వెనక్కి తిప్పితే సాక్సన్ వంశచిహ్నం, నలుపు పసుపు చారల మీదుగా ఏటవాలుగా ఆకుపచ్చ కిరీటం, స్థాపించిన తేదీ ఉన్నాయి. అదీ ముగ్గురి ఇంటి గుర్తే.

1918 నవంబరులో డ్యూకుల పాలన పోయింది. 1920లో ఈ చిన్న రాజ్యాలు తురింగియాలో కలిసిపోగా, కోబర్గ్ ప్రజలు మాత్రం ఓటు వేసి బవేరియా వైపు వెళ్లారు.

పతకాన్ని తిరిగి ఇస్తూ, ఇది ముగ్గురిలో ఏ డ్యూక్ ఇచ్చినదని అమ్మాయి చేత అడిగించాను. పెద్దావిడ దానిని రెండువైపులా తిప్పి, కింది తరగతి పతకాలైతే ఆనాటి డ్యూక్ ముఖాన్ని బట్టి చెప్పవచ్చునని, ఈ శిలువను చూసి మాత్రం చెప్పలేమని, దానితోపాటు ఇచ్చిన పత్రం ఉంటే తెలిసేదని అంది. ఆ పత్రం ఆమె దగ్గర లేదు. జీవితమంతా పత్రాల మధ్య గడిపిన నాకు, కాగితం లేకపోయినందుకు సంతోషం కలగడం అదే మొదటిసారి.